ముగ్గురు థెరపిస్టులను చూశాను, నాలుగో తలుపు తట్టాలా?

ప్రశ్న: నా వయసు 29. ఎనిమిది నెలల కిందట సైకియాట్రిస్ట్ నాకు బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్ (భావోద్వేగాలు, మనుషులతో సంబంధాలు నిలకడగా ఉండని మానసిక సమస్య) ఉందన్నారు. మందులు రాసి, థెరపీ కూడా తీసుకోమన్నారు. ఏ థెరపీయో, ఎవరి దగ్గరో చెప్పలేదు. ఇప్పటికి ముగ్గుర్ని చూశాను. మొదటి ఆమె ఆరు వారాల పాటు శ్వాస మీద ధ్యాస పెట్టమని, పాజిటివ్‌గా ఆలోచించమని చెప్పి, ఇక చాలన్నారు. రెండో ఆయన డయాగ్నసిస్ పేరు వినగానే "ఇలాంటి కేసులు నేను తీసుకోను" అన్నారు. మూడో ఆమె మంచి మనిషి. ఎంత చెప్పినా ఓపిగ్గా వింటారు. కానీ చిన్నప్పటి సంగతులన్నీ గంటసేపు తవ్వుకుని బయటికొచ్చాక రెండు మూడు రోజులు మనుషుల్లో పడలేను. పోయిన నెల ఆమె రెండు వారాలు సెలవు పెట్టారు. ఆమెకు నా మీద విసుగొచ్చిందని తేల్చేసుకున్నాను. ఆమె తిరిగొచ్చారు గానీ నేను మళ్లీ వెళ్లలేదు. నన్ను నేను గాయపరచుకోవడం మానేసి ఐదు నెలలైంది, మళ్లీ మొదలవుతుందేమోనని భయం. నాలుగో మనిషిని వెతకాలా? వెతికితే ఏమని అడగాలి? డయాగ్నసిస్ ఫోన్‌లోనే చెప్పేయాలా, దాచాలా? అసలు ఇది తగ్గేదేనా?

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి ఒక మాట దగ్గర ఆగిపోయాను. "ఆమెకు నా మీద విసుగొచ్చిందని తేల్చేసుకున్నాను" అని రాశారు. "ఆమెకు నా మీద విసుగొచ్చింది" అని రాయలేదు. తెలిసే రాశారో, చేతికొచ్చినట్టు రాశారో గానీ, ఆ రెంటికీ చాలా తేడా ఉంది. అది మీ మనసు చెప్పిన మాటేనని, ఆమె నోటి నుంచి వచ్చింది కాదని మీలో ఏదో ఒక మూల తెలుసు. ఆ మూలను పట్టుకునే ఇదంతా రాస్తున్నాను.

చివరి ప్రశ్నకు ముందు జవాబిస్తాను. దాని సంగతి తేలకుండా మిగతాది చదవబుద్ధి కాదు. తగ్గుతుంది. అమెరికాలో మేరీ జనారిని బృందం 1992లో ఒక అధ్యయనం మొదలుపెట్టింది. ఆసుపత్రిలో చేరాల్సినంత తీవ్రంగా ఉన్న 290 మందిని రెండేళ్లకోసారి కలుస్తూ వచ్చారు. పదేళ్లు తిరిగేసరికి వారిలో 93 శాతం మంది, కనీసం రెండేళ్లపాటు ఆ డయాగ్నసిస్‌కు సరిపడా లక్షణాలు లేకుండా గడిపారు. అయితే లక్షణాలు తగ్గడంతో పాటు ఉద్యోగమో చదువో, మనుషులతో సంబంధాలో కూడా గాడిన పడినవాళ్లు సగం మందే. ఈ రెండో అంకె చెప్పకుండా దాటేయొచ్చు, కానీ థెరపీ నుంచి మీరేం అడగాలో అందులోనే ఉంది. కోపాలూ గాయాలూ తగ్గితే సరిపోదు, బతుకు కట్టుకోవడానికి కూడా తోడు కావాలి.

ఇక ఆ పేరు సంగతి. తెలుగులో "వ్యక్తిత్వం ఉన్న మనిషి" అంటే మెచ్చుకోలు. అందుకే పర్సనాలిటీ డిజార్డర్‌ను ఎవరైనా "వ్యక్తిత్వ లోపం" అని తెలుగు చేస్తే, మనిషి గుణమే మంచిది కాదన్నట్టు చెవిన పడుతుంది. పాఠ్యపుస్తకాలు "మూర్తిమత్వం" అంటాయి. అది ఎవరికీ అర్థం కాదు గనక ఎవరినీ బాధపెట్టదు. నేనైతే ఇంగ్లిష్ పేరే ఉంచేస్తాను. అది లక్షణాల మూటకు కట్టిన చీటీ, అంతే. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ పుస్తకంలో ఈ డిజార్డర్‌కు తొమ్మిది లక్షణాలు రాశారు, వాటిలో ఐదు ఉంటే ఈ చీటీ కడతారు. లెక్క వేసి చూడండి, ఇదే డయాగ్నసిస్ ఉన్న ఇద్దరి మధ్య ఉమ్మడిగా ఒక్క లక్షణమే ఉండటానికీ వీలుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 జనవరిలో అమల్లోకి తెచ్చిన ఐసీడీ-11 అనే జబ్బుల వర్గీకరణ అయితే పాత రకాల పేర్లను పక్కనపెట్టి, తీవ్రత ఎంతో ముందు చూడమంది. బోర్డర్‌లైన్ అన్నది అవసరమైతే పక్కన తగిలించే గుర్తుగా మిగిలింది.

కాబట్టి మీ సైకియాట్రిస్ట్‌ను ఈసారి కలిసినప్పుడు, ఆ తొమ్మిదిలో మీకు ఏవేవి ఉన్నాయని చూశారో అడిగి ఒక కాగితం మీద రాసుకోండి. వదిలేస్తారేమోనన్న భయమా, ఆగని కోపమా, లోపలంతా బోలుగా ఉండటమా, ముందూ వెనకా చూడకుండా చేసే పనులా? వీటిలో మిమ్మల్ని ఎక్కువగా ముంచుతున్నదేదో తెలిస్తే థెరపిస్ట్‌ను ఎంచుకోవడం సగం తేలికవుతుంది. అదే చేత్తో ఏ మాత్ర దేనికి ఇస్తున్నారో కూడా అడగండి. బ్రిటన్‌లో ఏ జబ్బుకు ఏ వైద్యం చేయాలో సూచించే నైస్ సంస్థ 2009లో ఇచ్చిన మార్గదర్శకాలు, ఈ డిజార్డర్ కోసమేనంటూ మందులు వాడొద్దన్నాయి. పక్కనే డిప్రెషన్ లాంటిది ఉంటే దాని వైద్యం వేరు. మాత్రలు మాత్రం మీ అంతట మీరు ఆపకండి.

మీరు చూసిన ముగ్గుర్నీ ఒకే గాటన కట్టొద్దు.

మొదటి ఆమె చెప్పిన శ్వాస పద్ధతి తప్పేం కాదు, పెద్ద పెద్ద థెరపీల్లో కూడా అదొక చిన్న పనిముట్టు. ఇబ్బందల్లా ఆ ఒక్క పనిముట్టుతో ఆరు వారాల్లో పని ముగించాలనుకోవడం. ఇందాక చెప్పిన నైస్ పత్రమే, ప్రత్యేకమైన ఏర్పాటు లేని చోట ఈ సమస్యకు మూడు నెలల కన్నా తక్కువ థెరపీ పెట్టొద్దంది. "పాజిటివ్‌గా ఆలోచించండి" అన్నదాని గురించి నేనేమీ అనను. మీరు ఇప్పటికే అనుకుని ఉంటారు.

రెండో ఆయన మాట మిమ్మల్ని బాగా గాయపరిచి ఉంటుంది. ఇందులో మానసిక చికిత్స చేసే మా వృత్తికి పాత పాపం ఒకటుంది. 1988లో బ్రిటన్‌లో లూయిస్, ఆపిల్‌బీ అనే ఇద్దరు, సైకియాట్రిస్టులకు కేసు వివరాలు రాసి పంపారు. అందులో రోగికి గతంలో పర్సనాలిటీ డిజార్డర్ అని పేరు పెట్టారన్న ముక్క కలిసినప్పుడు, డాక్టర్లు ఆ రోగిని మొండి మనిషిగా, సానుభూతికి తగనివాడిగా ఎక్కువగా లెక్కగట్టారు. నేను ఈ పనిలోకి వచ్చిన కొత్తలో ఒక అమ్మాయి కాగితాల మీద ఈ పేరు చూసి, మనిషి మొహం చూడకుండానే "ఖాళీ లేదు" అని చెప్పించాను. ఖాళీ ఉంది. నాకు పని నేర్పినవాళ్లు ఆ పేరు వినగానే ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వేవాళ్లు, నేనూ అదే నేర్చుకున్నాను. మీ రెండో ఆయన నాకన్నా నయం, చేతకాదని మొహం మీదే చెప్పారు. రాని పనిని వచ్చినట్టు నటించి ఏడాదిపాటు లాగేవాళ్లతో పోలిస్తే ఆయన మీకు చేసిన నష్టం తక్కువ.

మూడో ఆమె గురించి చివర్లో మాట్లాడదాం. అసలు సంగతి అక్కడే ఉంది.

ఈ డిజార్డర్ కోసమే తయారైన థెరపీలు నాలుగైదున్నాయి. పేర్లు వరసగా చెప్పుకుంటూ పోతే ఏమీ అర్థం కాదు, అందుకే ఒక సంఘటన కల్పించి చెప్తాను. మీకు తెలియని సంఘటన కాకపోవచ్చు. ఆదివారం రాత్రి 9.40కి మీరు స్నేహితురాలికి మెసేజ్ పెట్టారు. 9.52కి రెండు టిక్కులు నీలమయ్యాయి. జవాబు లేదు. 9.55కి "నన్ను వదిలించుకోవాలని చూస్తోంది" అనిపించింది, ఛాతీలో ఏదో బిగుసుకుంది. పది నుంచి పదిన్నర లోపు పద్నాలుగు మెసేజులు వెళ్లాయి. చివరిది "ఇక జన్మలో నీ మొహం చూడను". వెంటనే బ్లాక్ చేశారు. కాసేపు హాయిగా ఉంది. పదకొండు దాటాక సిగ్గు మొదలైంది, ఆ సిగ్గులోంచి గాయపరచుకోవాలన్న కోరిక పుట్టింది.

ఇదే సంగతి డయలెక్టికల్ బిహేవియర్ థెరపీకి, అంటే డీబీటీకి తీసుకెళ్తే, థెరపిస్ట్ దాన్ని గొలుసులా పరిచి ఒక్కో లింకూ ముట్టుకుంటారు. ముందు రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయారు? ఆ రోజు ఏమైనా తిన్నారా? 9.52కి, 9.55కి మధ్య ఏం జరిగింది? ఆ మూడు నిమిషాల దగ్గరే ఎక్కువసేపు ఆగుతారు, ఎందుకంటే గొలుసు తెగడానికి వీలున్నది అక్కడే. పద్నాలుగో మెసేజ్ దగ్గర ఏ మంచి మాటా పనిచేయదు. భావోద్వేగం నెత్తికెక్కుతున్నప్పుడు చల్లటి నీళ్లలో మొహం ముంచడం లాంటి శరీరపు చిట్కా ఒకటి నేర్పుతారు (గుండె జబ్బు ఉన్నవాళ్లు ముందు డాక్టర్‌ను అడగాలి), ఆ తర్వాత స్నేహితురాలిని ఏ మాటలతో అడగాలో సాధన చేయిస్తారు. వారమంతా ఏ రోజు ఏ కోరిక ఎంత బలంగా వచ్చిందో అంకెల్లో నింపే డైరీ కార్డు ఒకటుంటుంది. నింపకుండా వెళ్తే అక్కడే కూర్చోబెట్టి నింపించే థెరపిస్టులు కూడా ఉన్నారు. మొదట్లో చిన్నపిల్లల హోంవర్కులా చిరాగ్గా ఉంటుంది.

మెంటలైజేషన్ ఆధారిత థెరపీ, ఎంబీటీ అంటారు, అక్కడైతే గొలుసు కన్నా ఆ 9.55 ఆలోచన మీద దృష్టి పెడతారు. "ఆవిడ అప్పుడు ఏం చేస్తూ ఉండి ఉండొచ్చు? ఇంకో మూడు కారణాలు ఊహించండి. మీరు ఇదే ఖాయమని ఎప్పుడనుకున్నారు?" అని అడుగుతారు. చిన్నప్పుడే మనసులో పాతుకుపోయిన నమ్మకాల మీద పనిచేసే స్కీమా థెరపీలో "ఆ క్షణంలో మీకు మీరు ఎన్నేళ్ల పిల్లలా అనిపించారు?" అన్న ప్రశ్న రావచ్చు. ట్రాన్స్‌ఫరెన్స్ ఫోకస్డ్ సైకోథెరపీలో అదే కోపం, అదే భయం థెరపిస్ట్ మీద ఎప్పుడు తిరుగుతుందో గమనించి, ఆ గదిలోనే దాన్ని పట్టుకుని మాట్లాడతారు. ఈ చివరి రెండింటికీ వారానికి రెండు సెషన్లు మామూలు.

వీటి వెనకున్న మనుషుల గురించి కాస్త. డీబీటీని తయారుచేసింది వాషింగ్టన్ యూనివర్సిటీలో పనిచేసిన మార్షా లినెహాన్. దాని మొదటి పరీక్షా ఫలితాలు 1991లో వచ్చాయి. ఇరవై ఏళ్ల తర్వాత, 2011లో, తానూ పదిహేడో ఏట తనను తాను గాయపరచుకుంటూ మానసిక ఆసుపత్రిలో చేరి రెండేళ్లకు పైగా అక్కడే ఉన్నానని ఆవిడ బయటపెట్టారు. ఎంబీటీ లండన్‌లో ఆంథొనీ బేట్‌మన్, పీటర్ ఫోనగీల పని. పద్దెనిమిది నెలలు చికిత్స ఇచ్చి, మొదలుపెట్టిన ఎనిమిదేళ్లకు మళ్లీ చూస్తే, ఎంబీటీ తీసుకున్నవారిలో 13 శాతం మందికే ఆ డయాగ్నసిస్ మిగిలి ఉంది, మామూలు వైద్యం పొందినవారిలో 87 శాతం మందికి. కొద్దిమందితో చేసిన పరిశోధన అది, అయినా అంత తేడా తీసిపారేసేది కాదు.

అయితే వీటిలో ఏది గొప్పది? నేనొక పేరు చెప్తే మీకు వెతకడం తేలికవుతుందని తెలుసు, కానీ చెప్పను. కెనడాలోని టొరంటోలో చేసి, 2009లో ఫలితాలు ప్రచురించిన ఒక పరిశోధనలో 180 మందిని రెండుగా చేసి, సగం మందికి ఏడాదిపాటు డీబీటీ, మిగతావారికి ఈ డిజార్డర్ తెలిసిన సైకియాట్రిస్టులు పద్ధతి ప్రకారం ఇచ్చే సాధారణ చికిత్స అందించారు. రెండు వైపులా బాగా మెరుగయ్యారు, చెప్పుకోదగ్గ తేడా లేదు. దాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది: థెరపీ పేరు కన్నా దానికి ఒక చట్రం ఉందా లేదా అన్నది ముఖ్యం. ఎంతకాలం, దేనికోసం, వారానికెన్నిసార్లు, ఆపద వస్తే ఏం చేయాలి, ఎవరి బాధ్యత ఎంత అన్నవి మొదటి రోజే మాట్లాడుకున్న థెరపీ పనిచేస్తుంది. వారం వారం వచ్చి నోటికొచ్చింది చెప్పుకుని వెళ్లడం చాలామందికి ఊరటే గానీ, ఈ డిజార్డర్ ఉన్నవాళ్లకు అది తలుపులు లేని ఇంట్లో పడుకున్నట్టు ఉంటుంది.

డీబీటీ దొరికితే మాత్రం ఒక సంగతి చూసుకోండి. దాని పూర్తి రూపంలో నాలుగు భాగాలుంటాయి. వారానికో వ్యక్తిగత సెషన్, వారానికోసారి రెండు రెండున్నర గంటల గ్రూప్ క్లాసు, మధ్యలో ఇబ్బందొస్తే నేర్చుకున్నది ఎలా వాడాలో అడగడానికి ఫోన్ సదుపాయం, థెరపిస్టులు తమలో తాము కూర్చుని ఒకరికొకరు ఆసరా ఇచ్చుకునే బృందం. "డీబీటీ చేస్తాం" అనే చోట చాలాసార్లు వీటిలో ఒకటే ఉంటుంది. అంతమాత్రాన లేచి వచ్చేయక్కర్లేదు, నాలుగూ ఉన్న చోటు దొరకడం ఎక్కడైనా కష్టమే. లినెహాన్ బృందమే 2015లో 99 మంది మహిళల మీద ఈ భాగాలను విడదీసి చూసింది. ఆత్మహత్యా ప్రయత్నాలు అన్ని రకాల్లోనూ తగ్గాయి, కానీ నైపుణ్యాలు నేర్పే క్లాసు ఉన్న రకాల్లో స్వీయ గాయాలు ఇంకా బాగా తగ్గాయి. కాబట్టి ఏదో ఒకటి మాత్రమే అందుతుందంటే ఆ క్లాసును వదలకండి. ఒకచోట గ్రూప్, ఇంకోచోట వ్యక్తిగత థెరపిస్ట్ అయినా ఫర్వాలేదు, ఆ ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికి మీరు ఒప్పుకుంటే చాలు. ఆన్‌లైన్‌లో చేరే పనైతే ఆపద సమయంలో వాళ్లు ఎవరిని పిలుస్తారో ముందే అడగండి.

ఫోన్‌లో డయాగ్నసిస్ చెప్పాలా అని అడిగారు. చెప్పండి. దాచి చేరితే, మూడో నెలలో తెలిసినప్పుడు వాళ్లు వెనక్కి తగ్గితే ఆ దెబ్బ మీరిప్పుడు తిన్నదానికి పదింతలుంటుంది. కథంతా చెప్పక్కర్లేదు. "నాకు బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్ డయాగ్నసిస్ ఉంది. గతంలో గాయపరచుకునేదాన్ని, ఐదు నెలలుగా లేదు. ఈ సమస్యతో మీరు పనిచేస్తారా?" అంటే చాలు. ఫోన్ ఎత్తింది రిసెప్షన్ వాళ్లయితే ఆ వివరాలేవీ వద్దు, థెరపిస్ట్‌తో పది నిమిషాలు మాట్లాడాలని మాత్రమే అడగండి.

ఆ పది నిమిషాల్లో నేనైతే అడిగేవి కొన్నే. "ఈ డయాగ్నసిస్ ఉన్నవారితో ఏ పద్ధతిలో పనిచేస్తారు, అందులో శిక్షణ ఎక్కడ తీసుకున్నారు?" దీనికి "అన్ని పద్ధతులూ కలిపి వాడతాను, మనిషిని బట్టి" అన్న జవాబొస్తే ఇంకో ప్రశ్న వేయండి: "నేను ఒక వారం గాయపరచుకుని వస్తే ఆ సెషన్‌లో ఏం చేస్తారు?" పద్ధతి తెలిసినవాళ్లు ఇక్కడ తడుముకోరు. "దాని గురించే ముందు మాట్లాడతాం, ఎలా మొదలైందో అడుగడుగునా చూస్తాం" అంటారు. "అలాంటిదేం జరగదులెండి" అని ధైర్యం చెప్పేవాళ్లు మంచివాళ్లే, కానీ మీకు చాలరు. తర్వాత: "మీరు సెలవు మీద వెళ్తే నాకు ఏ ఏర్పాటు ఉంటుంది?" మీ కథలో ఈ ప్రశ్న విలువెంతో మీకే తెలుసు. ఇంకొకటి, కాస్త మొహమాటంగా ఉంటుంది గానీ అడగండి: "కష్టమైన కేసుల గురించి మీరు ఎవరితో మాట్లాడతారు?" ఒంటరిగా లాగే థెరపిస్ట్ అలసిపోతారు, ఆ అలసట ముందుగా కనిపెట్టేది మీలాంటివాళ్లే. ఈ ప్రశ్నకు నొచ్చుకున్నవాళ్లను వదిలేయండి. నొచ్చుకోకుండా "మంచి ప్రశ్న" అన్నవాళ్లందరూ మంచివాళ్లేనని కూడా అనుకోకండి, ఆ మాట మాకు అలవాటు.

అర్ధరాత్రి కూడా ఎప్పుడంటే అప్పుడు ఫోన్ చేయమని, "నిన్ను నేను మాత్రమే బాగుచేయగలను" అని చెప్పేవాళ్లు దొరికితే మొదటి నెల స్వర్గంలా ఉంటుంది. అక్కడి నుంచి లేచి వచ్చేయండి. దీనికి వివరణ రాయను.

ఇప్పుడు మూడో ఆమె దగ్గరికి వద్దాం.

థెరపీ మానేయాలనిపించడం రెండు కారణాల వల్ల జరుగుతుంది. థెరపీ నిజంగా సరిపడక కావచ్చు. లేదా మీరు థెరపీకి వెళ్లింది దేనికోసమో, వదిలేస్తారన్న ఆ భయమే, వాళ్లు వదలకముందే నేనే వదిలేస్తానని చెవిలో చెప్పడం కావచ్చు. లోపల నుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి, అదే చిక్కు. నేను వాడే గుర్తు ఒకటుంది, నూటికి నూరుపాళ్లూ పనిచేస్తుందని చెప్పను. సరిపడని థెరపీ మీద అసంతృప్తి నెమ్మదిగా పేరుకుంటుంది. ఎందుకు సరిపడటం లేదో వివరాలతో చెప్పగలుగుతారు, ఆ వివరాలు ప్రశాంతంగా ఉన్న రోజున చదివినా నిజమే అనిపిస్తాయి. భయం నుంచి పుట్టిన పరుగు ఒక సంఘటనతో, ఒక్క రోజులో మొదలవుతుంది. నిన్నటిదాకా దేవత అయిన మనిషి ఇవాళ రాయి అయిపోతుంది.

మీ ఉత్తరంలో ఈ రెండూ ఉన్నాయి. సెషన్ అయ్యాక రెండు మూడు రోజులు తేరుకోలేకపోవడం మొదటి రకం, అది నిజమైన ఫిర్యాదు. డీబీటీలో మొదటి దశ అంతా ప్రాణానికి ముప్పు తెచ్చే పనులను, బతుకును కుదిపేసే అలవాట్లను అదుపులోకి తేవడానికే, పాత గాయాలను తవ్వడం ఆ తర్వాతి మాట. ఈత రాకముందే లోతులోకి దింపరు. ఆమె దింపుతున్నారు, బహుశా మీరే దిగుతుంటే ఆపలేక. ఇక సెలవు సంగతి రెండో రకం. ఒక మనిషి రెండు వారాలు సెలవు పెట్టారు, తిరిగొచ్చారు. జరిగింది అంతే. మిగతాదంతా 9.55కి వచ్చే ఆలోచనే.

కాబట్టి నాలుగో మనిషిని వెతికేముందు, మూడో ఆమె దగ్గరికి ఇంకో మూడు సెషన్లు వెళ్లండి. ఇది మీ మొహం చూసి ఇచ్చే సలహా కాదు, ఉత్తరం చూసి ఇస్తున్నది, అందుకే మూడుకు పరిమితం చేస్తున్నాను. మొదటి దాంట్లో సెలవు గురించి చెప్పండి, విసుగొచ్చిందని అనుకున్నానని అదే మాటల్లో. డీబీటీలో దీన్ని పక్కదారి అనుకోరు. థెరపీకి అడ్డొచ్చే పనులన్నవి వాళ్ల వరసలో రెండో స్థానంలో ఉంటాయి, ప్రాణాపాయం తర్వాత అదే. ఆ అడ్డు రోగి వైపు నుంచే రావాలని కూడా లేదు, థెరపిస్ట్ వైపు నుంచి వచ్చినా అదే వరసలో చర్చకు వస్తుంది. రెండో దాంట్లో చట్రం అడగండి: సెషన్ చివరి పదిహేను నిమిషాలు తేరుకోవడానికి ఉంచగలరా, పాత సంగతులు కొన్నాళ్లు పక్కనపెట్టి ఈ వారపు సంగతులు చూడగలరా, ఆపద వేళకు ఒక కాగితం రాద్దామా. మూడో దాంట్లో ఏం మారిందో చూడండి. ఆమె ఒప్పుకుని ప్రయత్నిస్తే, ఈ డిజార్డర్‌లో శిక్షణ లేకపోయినా నేర్చుకోవడానికి సిద్ధపడితే, ఉండండి. పక్కన నైపుణ్యాల క్లాసు ఒకటి వెతుక్కోండి. "ఇది నా పద్ధతి కాదు" అంటే ఎవరి దగ్గరికి వెళ్లాలో ఆమెనే అడిగి, వీడ్కోలు చెప్పి రండి. చెప్పకుండా మాయమవకండి. చక్కగా ముగిసిన సంబంధం ఒక్కటి కూడా చేతిలో లేకపోవడం మీలాంటి చాలామందికి పెద్ద లోటు, థెరపీ ఆ లోటు తీర్చుకోవడానికి మంచి చోటు.

వెతుకులాటలో నెలలు గడవొచ్చు. అందాకా ఆ ఆపద కాగితం ఖాళీగా ఉంచొద్దు, ఇవాళే సగమైనా రాయండి. కోరిక మొదలయ్యే ముందు మీకు కనిపించే రెండు మూడు గుర్తులు, అప్పుడు చేయగలిగిన చిన్న పనులు, ఫోన్ చేయగల ఇద్దరి పేర్లు, మీరున్న చోట ఇరవై నాలుగు గంటలూ పలికే హెల్ప్‌లైన్ నంబరు, దగ్గరి ఆసుపత్రి. గాయపరచుకోవడానికి వాడినవేవైనా ఇంట్లో ఉంటే అవి మీ చేతికి అందకుండా వేరేవాళ్లకు ఇచ్చేయండి. చనిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం ఈ కాగితంతో సరిపెట్టుకోకుండా ఆ రోజే సైకియాట్రిస్ట్‌కో, ఆసుపత్రికో చెప్పండి. ఐదు నెలల తర్వాత ఒకసారి జారినా ఆ ఐదు నెలలు ఎక్కడికీ పోవు. ఎక్కడ జారిందో చూడటానికే ఆ గొలుసు.

మూడో ఆమెకు ఫోన్ చేయడం కష్టమనిపిస్తే మెసేజ్ చాలు. "మేడమ్, మీ సెలవు తర్వాత నేను రాలేకపోయాను. దాని గురించే మాట్లాడాలి. వచ్చే వారం సమయం ఉందా?" ఇంతకన్నా ఒక్క ముక్క ఎక్కువ రాయకండి, క్షమాపణలు కూడా వద్దు. పగటిపూట పంపండి. పంపాక ఫోన్ పక్క గదిలో పెట్టేయండి, టిక్కులు ఎప్పుడు నీలమవుతాయో చూస్తూ కూర్చోవద్దు. ఆమెకు జవాబివ్వడానికి ఒకటి రెండు రోజులు పట్టొచ్చు.